మేడ కూల్చక్కర్లేదు, మూడంగుళాల కన్నం చాలు

ఎండలు ముదిరేసరికి ఎస్. రాయవరం, యలమంచిలి చుట్టుపక్కల పాత మేడల మీద ఒక తీర్పు పడిపోతుంది: "ఈ ఇంటికి ఏసీ ఆగదు. పడగొట్టి స్లాబు వేసుకుంటే గదికొకటి పెట్టుకోవచ్చు." ఈ వారం మళ్లీ అదే మాట చెవినపడి మనసు చివుక్కుమంది. గానుగ సున్నపు గోడల పక్షాన ఈ కాలమ్ ఎన్నిసార్లు నిలబడిందో పాత పాఠకులకు తెలుసు. అయితే మమకారంతో ఇల్లు నిలవదు. మే నెల రాత్రి కన్ను మూతపడకపోతే, గురజాడ పుట్టిన ఊరైనా సరే, ఎంత చక్కని మేడనైనా వదిలేసి పిల్లలు విశాఖలో అపార్టుమెంటు చూసుకుంటారు. అందుకే ఆ తీర్పులో నిజమెంతో లెక్కగట్టి చూడాలి.

మొదటి ఫిర్యాదు ఎత్తు మీద. పన్నెండడుగుల కప్పు కింద చల్లదనమంతా పైకి పోయి వృథా అవుతుందంటారు. పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గదిలో అంత ఎత్తున పట్టే గాలి 1,440 ఘనపుటడుగులు; దాని బరువు సుమారు 47 కిలోలు. ఒక టన్ను ఏసీ అంటే 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోసే యంత్రం. ఆ గాలిని 10 డిగ్రీలు చల్లబరచడానికి దానికి రెండున్నర నిమిషాలు చాలు. తేమను నీరుగా దించే పని కలిపితే ఇంకొన్ని నిమిషాలు. ఫాల్స్ సీలింగ్ వేసి ఎత్తును పదడుగులకు దించితే ఇందులో కలిసొచ్చేది అరనిమిషం. ఎత్తుతోపాటు గోడ వైశాల్యం కొంత పెరిగే మాట నిజమే, అదీ పెద్ద తేడా కాదు. ఆ కాస్త లాభానికి టేకు దూలాలను కప్పేస్తే చెద పట్టినా కంటికి కనబడదు. ఏసీ రాత్రంతా మోసే అసలు బరువు వేరే ఉంది: పగలంతా ఎండ తాగిన పైకప్పు, సాయంత్రం నుంచి మందపు గోడలు వదిలే వేడి, తలుపు సందుల్లోంచీ వెంటిలేటర్లలోంచీ దూరే సముద్రపు తేమగాలి. వీటిలో ఏదీ ఇల్లు కూలిస్తే పోయే జబ్బు కాదు. ఎండలో ఉన్న కొత్త స్లాబు కూడా వేడి దాచుకుని రాత్రే వదులుతుంది.

రెండో ఫిర్యాదు బిగింపు మీద. ఇల్లంతా గొట్టాలు తిప్పి చల్లగాలి పంపే పద్ధతి ఈ ఇళ్లకు కుదరదు, ఒప్పుకుంటాను. విండో ఏసీ పెట్టాలంటే కిటికీ ఊచలు కోయాలి, వెలుతురు పోతుంది. స్ప్లిట్ ఏసీకి కావలసింది గోడలో బయటివైపు కాస్త వాలుగా మూడంగుళాల కన్నం. లోపలి నీరు దాని గుండానే జారిపోతుంది. గోడకు బిగించే ఏసీల్లో పాత గోడను ఇంత తక్కువ గాయపరిచేది మరొకటి లేదు. జాగ్రత్త పడవలసింది బయటి పెట్టె దగ్గర. మెత్తబడిన సున్నపు ఇటుకలో సాధారణ బోల్టు బిగిస్తే అదురుకి గోడ పిండిలా రాలుతుంది కాబట్టి పెట్టెను నేల మీద ఇనుప స్టాండు వేసి, ఉత్తరపు నీడలో కూర్చోబెట్టడం మేలు. రేవు పోలవరం వైపు నుంచి ఉప్పుగాలి తగిలే చోట దాని రేకులను తుప్పు త్వరగా తినేస్తుంది. పూత ఉన్న రకం కొని, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి. లోపలి గోడకు ప్లాస్టిక్ పెయింటు మాత్రం వద్దు. చల్లబడ్డ గోడలోకి బయటి నుంచి వచ్చే తేమకు దారి మూసుకుపోయి పెచ్చులూడతాయి. వెల్ల వేస్తే గోడ ఆరుతుంది.

ఇక నా పక్షం వాళ్ల అభ్యంతరం: మండువా, ఎత్తు కప్పు, ఎదురెదురు కిటికీలు ఉన్న ఇంటికి అసలు ఏసీ ఎందుకు? ఈ వాదన నాకూ ఇష్టమైనదే. కానీ ఆ ఏర్పాటంతా గాలి కదిలినప్పుడే పనిచేస్తుంది. గాలి స్తంభించి తేమ పెరిగిన రాత్రి చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. 2015 మే వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. పగటి ఎండ ఒక్కటే కాదు, రాత్రి తెరిపి లేకపోవడమూ ముసలి ప్రాణాలను తీస్తుంది. వాళ్లకి పాత పద్ధతుల గొప్ప చెప్పి సరిపెట్టడం న్యాయం కాదు. ఏసీ ఉండాలి.

ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న. వేడి పైనే కదా అని అందరూ మొదటి ఏసీని మేడ మీద గదికి కొంటారు. నా ఉద్దేశంలో అది కింది గదికి వెళ్లాలి. మేడ తానే ఎండకు గొడుగై కింది గదిని కాస్తుంది; అక్కడ ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ తక్కువ కరెంటుతో నిలకడగా నడుస్తుంది. మెట్లెక్కలేని పెద్దవాళ్లు పడుకునేదీ అక్కడే. పై అంతస్తు కప్పుకి ముందు తెల్ల సున్నం వెయ్యాలి. ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ 2023లో ప్రత్యేక విధానమే తెచ్చింది. కప్పు తెల్లబడ్డాక కూడా పైన ఇబ్బందిగా ఉంటే రెండోది కొనవచ్చు, అప్పుడు చిన్నది సరిపోవచ్చు. రెండు అంతస్తులకూ కలిపి ఒకే బయటి పెట్టెతో నడిచే మల్టీ స్ప్లిట్ ఈ ఊళ్లకి సిఫారసు చెయ్యను: అది పాడైతే ఇల్లంతా ఉడుకుతుంది, బాగుచేసే మనిషి దొరకడం కష్టం. వేటికవే ఉండనివ్వండి. ఇక ఉష్ణోగ్రత సంగతి: 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నియమం ఉంది. ఫ్యాను తిరుగుతుంటే 26, 27 దగ్గర హాయిగా నిద్రపడుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క.

ఏసీ షాపుకి వెళ్లేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. చెక్క బద్దీల మీద పాకిన పాత వైరు ఈ బరువు మోయదు. మీటరు దగ్గర్నుంచి విడిగా మందపు రాగి వైరు, దానికో ఎంసీబీ, సరైన ఎర్తింగు పడాలి; విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో లోడు పెంచమని దరఖాస్తు ఇవ్వాలి. ఇవన్నీ కలిపినా మేడ పడగొట్టి కొత్తది కట్టే ఖర్చుకి దగ్గరకు రావు.