ఊరి ఖరీదు ఎంత?

బేస్‌బాల్ రూల్స్ నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీవు. అయినా ‘ది బ్యాటర్డ్ బాస్టర్డ్స్ ఆఫ్ బేస్‌బాల్’ రెండుసార్లు చూశాను. రెండోసారి చూసింది మాత్రం చివర్లో వచ్చే డబ్బు తగాదా కోసమే.

2014లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన డాక్యుమెంటరీ ఇది. ‘బొనాంజా’ సీరియల్లో డిప్యూటీ వేషం వేసిన బింగ్ రస్సెల్ (హీరో కర్ట్ రస్సెల్ వాళ్ల నాన్న) 1973లో పోర్ట్‌లాండ్‌లో మావెరిక్స్ అనే టీమ్ పెట్టాడు. అప్పటిదాకా అక్కడున్న బీవర్స్, జనం రావట్లేదని అంతకుముందే ఊరొదిలి పోయింది. ఎవరికీ అక్కర్లేని ఆ ఊళ్లో ఆడే హక్కు ఈయనకి 500 డాలర్లకే దొరికింది. పెద్ద లీగ్ టీముల అండ లేదు. పిలిచినవాళ్లూ పిలవనివాళ్లూ సెలక్షన్‌కి వచ్చారు, గడ్డాలు పెంచుకుని ఆడారు, స్టేడియం నిండింది. ఈ భాగమంతా భలే సరదాగా ఉంటుంది, కాస్త ఎక్కువసేపే నడిచినా.

1977 సీజన్ అయ్యాక పసిఫిక్ కోస్ట్ లీగ్‌కి పోర్ట్‌లాండ్ మళ్లీ ముద్దొచ్చింది. మైనర్ లీగ్ బేస్‌బాల్లో ఊరు కూడా ఆస్తే. అప్పట్లో పై స్థాయి లీగ్ కావాలనుకుంటే కింది లీగ్ టీమ్ ఖాళీ చేయాల్సి వచ్చేది, పరిహారం మాత్రం పుచ్చుకోవచ్చు. వాళ్లు 26,000 డాలర్లు ఇస్తామన్నారు. బింగ్ 206,000 అడిగాడు. గొడవ మధ్యవర్తుల దగ్గరికెళ్లింది. అడిగిందంతా వచ్చింది.

సినిమా దీన్ని గెలుపుగా చూపిస్తుంది. నాకెందుకో పూర్తిగా అలా అనిపించలేదు. దర్శకులు చాప్‌మన్ వే, మక్లేన్ వే ఇద్దరూ బింగ్‌కి స్వయానా మనవలు. తాత గెలిచిన సంబరంలో లెక్క అడగడం మర్చిపోయారు. 500 పెట్టి కొన్న హక్కు నాలుగేళ్లలో 206,000 ఎలా అయింది? బింగ్ తెగువ ఉంది, ఒప్పుకుంటాను. కానీ చాలీచాలని జీతాలకి బస్సుల్లో తిరిగి ఆడినవాళ్లు, టికెట్ కొనుక్కుని గొంతు చించుకున్న ఊరివాళ్లు కూడా ఆ ధర పెంచినవాళ్లే కదా. ఆ బేరంలో వాళ్ల మాట ఎక్కడా లేదు. డబ్బొచ్చింది, టీమ్ పోయింది. 1978లో బీవర్స్ తిరిగొచ్చింది.

ఇంకో ముచ్చట. మావెరిక్స్ పిచర్ రాబ్ నెల్సన్‌కి మైదానం పక్కన కూర్చున్నప్పుడు ఒక ఆలోచన తట్టింది: పొగాకులా తురిమిన బబుల్‌గమ్. సహ ఆటగాడు జిమ్ బౌటన్‌తో కలిసి దాన్ని మార్కెట్‌దాకా తీసుకెళ్లాడు. బిగ్ లీగ్ చ్యూ ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతోంది.