తూరు పట్టణ వినాశ ప్రవచనము – క్రైస్తవ వ్యాఖ్యాన పరిశీలనము

హెబ్రీ ప్రవక్తల గ్రంథములలో నగర వినాశమును గూర్చిన వాక్యములు పెక్కులు కలవు. నీనెవె, బబులోను, తూరు, తుదకు యెరూషలేమును వారి హెచ్చరికకు లోనైనవే. వీనిలో తూరును గూర్చి యెహెజ్కేలు 26వ అధ్యాయమున పలికిన పలుకులు క్రైస్తవ వ్యాఖ్యాతలకు మిక్కిలి ప్రీతిపాత్రములు. తెలుగు సంఘములలోను ఇవి దైవవాక్య సత్యతకు తిరుగులేని సాక్ష్యముగా వినిపించుచుండును. ఆ సాక్ష్యము ఎంతవఱకు నిలుచునో విచారింపవలసి యున్నది.

ప్రవక్త చెప్పిన దేమన, నెబుకద్రెజరు తూరుపై దండెత్తును, ప్రాకారములు కూలును, రాళ్లు, కలప, మన్ను నీటిపాలగును, పట్టణము వలలు ఆరవేయు వట్టి బండయై, మఱల కట్టబడక పోవును. నెబుకద్రెజరు 13 సంవత్సరములు ముట్టడించెనని జోసీఫసు వ్రాసెను. కాని ద్వీపనగరము నేలమట్టము కాలేదు. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ఒడ్డుననున్న పాతపట్టణపు శిథిలములను సముద్రమున పోయించి, సేతువు కట్టి, ఏడు నెలలకు ద్వీపమును గెలిచెను.

ఇచ్చటనే వ్యాఖ్యాతలు తమ వాదమును నిలిపిరి. 19వ శతాబ్దమున స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండరు కీత్ ఇట్టి నెరవేర్పులను ఏర్చి కూర్చెను. 20వ శతాబ్దమున పీటరు స్టోనరు సంభావ్యతా గణితమును సైతము దీనికి జోడించెను. 12వ వచనమున ‘అతడు’ పోయి ‘వారు’ వచ్చెను గావున, అచ్చటినుండి మాట అలెగ్జాండరు సేనకు చెందునని వీరి పక్షమువారి సమన్వయము.

ఈ సమన్వయమునకు మూడు చిక్కులు కలవు. మొదటిది, ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటున ఆ వచనమునను ఏకవచనమే కలదు; ఒక సర్వనామముపై రెండు శతాబ్దముల చరిత్రను మోపుట బలహీనమైన పని. రెండవది, తూరు నశింపలేదు. పౌలు అచ్చటి శిష్యులయొద్ద ఏడు దినములుండెనని అపొస్తలుల కార్యములే చెప్పుచున్నవి. 5వ శతాబ్దారంభమున జెరోము, తన కాలమున తూరు శోభాయమానముగానుండుట చూచి, ఆ శంకను తానే లేవనెత్తి, నగరమునకు పూర్వపు స్వాతంత్ర్యము రాదనియే భావమని సమాధానము చెప్పుకొనెను. నేటికిని లెబనానులో ‘సూర్’ అను పేర జనులు ఆ చోట వసించుచున్నారు. మూడవది, ప్రధానమైనది: 29వ అధ్యాయమున యెహెజ్కేలే, తూరుపై పడిన శ్రమకు నెబుకద్రెజరునకు కూలి దక్కలేదనియు, బదులుగా ఐగుప్తు ఇయ్యబడుననియు చెప్పుచున్నాడు. ప్రవక్త దాపని దానిని వ్యాఖ్యాత దాపనేల?

హెబ్రీ గ్రంథములలోనే దీనికి మేలైన మార్గము కలదు. నలువది దినములలో నీనెవె నాశనమగునని యోనా చాటెను. జనులు మనసు మార్చుకొనగా శిక్ష తప్పెను. యిర్మీయాకు ప్రాణాపాయము వచ్చినపుడు పెద్దలు ఉదాహరించినది నెరవేరిన ప్రవచనమును కాదు. హిజ్కియా భయభక్తులవలన తప్పిపోయిన మీకా ప్రవచనమును. ఆ ఉదాహరణమే యిర్మీయాకు బాసటయైనది. హెచ్చరిక విన్నవారు మారుటయే ప్రవచనమునకు సాఫల్యమని వారి తలంపు.

మన తెలుగునాట ఏ వింత జరిగినను ‘బ్రహ్మంగారు చెప్పినట్లే అయినది’ అనుట వాడుక. సంఘటన జరిగిన పిమ్మట వాక్యమును దానికి అతికించు ఈ అలవాటు ఏ మతమువారికిని కొత్త కాదు. తెలుగు బైబిలు మాత్రము ‘జోస్యము’ అనక ‘ప్రవచనము’ అను మాటను వాడుకచేసినది. కుందలహళ్ళివంటి బెంగళూరు శివారులలో ఇరుగుపొరుగుగా వసించు తెలుగువారిలో, ఒక యింట ప్రవచనమనగా పురాణ వ్యాఖ్యానము. మఱియొక యింట ప్రవక్త వాక్కు. రెంటను బోధయే ప్రాణము.

ఆ బోధ ఏది? యెరూషలేము పాడయ్యెను గనుక ఇక తనకు లాభమని తూరు సంతోషించెను. పొరుగూరి చేటును తన బేరముగా నెంచుటయే దాని దోషము. 27వ అధ్యాయము తూరును సుందరమైన ఓడగా చిత్రించి, వెండి, ఇత్తడి, దంతము, ధూమ్రవర్ణపు నూలు మొదలగు సరకుల పట్టికను విప్పి, ఆ బరువుతోనే నడిసముద్రమున ముంచును. శత్రునగరమునకు ఇంత సొగసైన విలాపమును వ్రాసిన కవిని కేవలము తేదీలు సరిచూచు పంచాంగకర్తగా తగ్గించుట ఆయనకు గౌరవము కాదు. నెరవేర్పుల లెక్కలో పడి ఈ ధర్మమును మఱచిన వ్యాఖ్యానము, విశ్వాసమునకు బలము చేకూర్పబోయి గ్రంథమునకే అన్యాయము చేయుచున్నది.