గ్యాస్ కొట్టే ముందు

మే నెల ఎండల్లో విజయవాడ ఆటోనగర్‌లో కారు ఏసీ మెకానిక్‌కి క్షణం తీరిక ఉండదు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "గ్యాస్ కొట్టెయ్ తమ్ముడూ, వెళ్లాలి." మంచి మెకానిక్ వెంటనే కొట్టడు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. కిందటేడు నింపింది అప్పుడే తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే.

ముందు బానెట్ ఎత్తి, పైపుల అతుకుల మీద వేలితో రాసి చూస్తాడు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి ఊరుతుంది కాబట్టి, దుమ్ము పట్టిన జిడ్డు మరక కనిపిస్తే సగం పని అయినట్టే. లేదంటే నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తాడు. కండెన్సర్ మూలన ఆవగింజంత బుడగ ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బుతుంది. దొరికింది!

లీకు బాగుచేశాక వాక్యూమ్ పంపు. కస్టమర్ విసుక్కునేది ఇక్కడే, మెకానిక్ తొందరపడకూడనిదీ ఇక్కడే. లోపలి తేమంతా ఆవిరై బయటికి పోవాలి. మిగిలితే ఆయిల్‌ని చెడగొట్టి, ఆమ్లాన్ని పుట్టించి లోహాన్ని తినేస్తుంది. పంపు ఆపాక గేజీ ముల్లు కదలకుండా నిలబడితేనే ఆర్-134ఏ గ్యాస్ సిలిండర్ కాటా ఎక్కుతుంది.

బానెట్ కింది స్టిక్కర్ మీద 450 గ్రాములని ఉంటే 450 గ్రాములే. ఎక్కువ కొట్టినా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. అందుకే చేతి అంచనాని నమ్మని ఈ మెకానిక్‌ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. చివర్లో ఏసీ గాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టి, చల్లదనం చూశాకే బిల్లు రాస్తాడు.