ఆ రేకుపెట్టె మీద రాత

మా డిపార్ట్‌మెంటులో దుస్తుల గది ఒకటి ఉండేది. కిటికీ లేని గది. అందులో వరుసగా రేకుపెట్టెలు. ఒకదాని మీద 'రాజులు' అని, ఇంకోదాని మీద 'రుషులు' అని, మరోదాని మీద 'పోలీసులు' అని తెల్లరంగుతో రాసి ఉండేది. చివర గోడవారగా ఉన్న చిన్న పెట్టె మీద 'సాయిబు' అని ఉండేది.

చేరిన మొదటి వారంలోనే ఆ పెట్టె తెరిచాం. మేం ముగ్గురం. ఆ క్లాసులో ముస్లింలం మేమే. లోపల ఆకుపచ్చ గళ్ళ లుంగీ, రెండు జాలీ టోపీలు, చెవులకు తగిలించుకునే నల్ల ఉన్ని గడ్డం, పెద్ద తావీదు, చివికిపోయిన బురఖా. అడుగున ఒక రేకు కత్తి.

ముందు నవ్వాం. తర్వాత మా నాన్నలు గుర్తొచ్చారు. ఒకరి అబ్బా ఆర్టీసీలో కండక్టరు, ఒంటి మీద ఎప్పుడూ ఖాకీ. ఇంకొకరి అబ్బా దర్జీ, మెడలో టేపు లేకుండా మేం ఆయన్ని చూడలేదు. మూడో ఆయన దూదేకుల, పల్లెటూరి బడిపంతులు, పంచె కట్టి భుజాన తువ్వాలు వేసుకుంటాడు. ఆ పెట్టెలో బట్టలు ముగ్గురిలో ఒక్కరికీ సరిపోవు.

మేం చదివిన చోటు పేరు చెప్పం. చెబితే అది ఒక్కచోటి తప్పయిపోతుంది. ఆ పెట్టె ఒక్కచోటే లేదు. నాటకాలకు బట్టలు అద్దెకిచ్చే షాపులో ఉంది. సినిమాలో ఉంది. బడి వార్షికోత్సవంలో 'భిన్నత్వంలో ఏకత్వం' అని పిల్లల్ని వరుసగా నిలబెట్టేటప్పుడు ఉంది. సెక్యులర్ మిత్రులు మంచి మనసుతో రాసిన నాటకాల్లోనూ ఉంది. అందుకే ఇది ఫిర్యాదు కాదు. మనందరం కలిసి చూడాల్సిన ఒక అలవాటు గురించిన విమర్శ.

రంగస్థల రూపకల్పన చదువంటే చాలామందికి అలంకరణ అనిపిస్తుంది. అది కాదు. ముందు నాటకం చదవాలి. ఎవరు ఎక్కడ నిలబడతారో, ఏ తలుపులోంచి వస్తారో గ్రౌండ్ ప్లాన్ గియ్యాలి. అట్టతో మోడల్ చెయ్యాలి, 1:25 స్కేలులో. ఒక్కో పాత్రకు దుస్తుల బొమ్మ గీసి, పక్కన గుడ్డముక్క అంటించాలి. ఏ దీపం ఎప్పుడు వెలగాలో, ఎంత తగ్గాలో పట్టిక రాయాలి. ఇదంతా ఎందుకు? నటుడు నోరు తెరవకముందే ప్రేక్షకుడు అతని గురించి ఒక తీర్పు చెప్పేసుకుంటాడు. ఆ తీర్పు రాసేది డిజైనరు. రచయిత మంచి మాటలు రాసిపెట్టినా, పాత్ర ఆకుపచ్చ లైటు కింద ఉన్ని గడ్డంతో వచ్చి నిలబడితే మాటలు ఓడిపోతాయి. గడ్డం గెలుస్తుంది.

మాకు నాట్యశాస్త్రం చెప్పారు. ఆహార్యాభినయం నాలుగు రకాలని కంఠతా పట్టించారు. అందులో అంగరచన ఒకటి, అంటే ఒంటికి రంగు వెయ్యడం. ఎవరికే రంగు వెయ్యాలో అక్కడ జాబితా ఉంది. బ్రాహ్మణ క్షత్రియులకు గౌరవర్ణం. వైశ్య శూద్రులకు శ్యామవర్ణం. కిరాతులు, బర్బరులు, ఆంధ్రులు, ద్రమిళులు నల్లరంగు వెయ్యాల్సిన వాళ్ళు. క్లాసులో ఈ మాట దగ్గర ఎవరూ ఆగలేదు. మేం ఆగాం. ఆంధ్రులంటే ఎవరు? ఈ క్లాసులో కూర్చున్న మనమే కదా! ఎక్కడో కూర్చున్న ఒకాయన మనల్ని చూసి, మనలో ఎవరు ఎర్రగా ఉన్నారో ఎవరు చామనఛాయో అడక్కుండా, అందరికీ ఒకే మసి పూశాడు. ఆ జాబితా చదివి తెలుగువాడికి మనసు చివుక్కుమంటే, ఆ నొప్పి మాకు తెలుసు. ఆ జాబితాకు కొనసాగింపే 'సాయిబు' పెట్టె. రంగు పూయించుకున్నవాడే ఇప్పుడు డబ్బా పట్టుకుని మాకు పూస్తున్నాడు.

ఇంకో సంగతి. పౌరాణిక నాటకం దర్బారు తెర చూశారా? వరుసగా కమాన్లు, నగిషీ స్తంభాలు, పైన గుమ్మటాలు, నేల మీద పూల తివాచీ. ఆ తెర ముందు శ్రీకృష్ణుడు నిలబడి పద్యం పాడతాడు. ఆయన ఒంటి మీద జరీ అంగరఖా. ద్వాపరయుగంలో కమాన్లెక్కడివి? ఆ కట్టడం సుల్తానులది, మొగలులది. పార్సీ నాటక కంపెనీలు దాన్ని గుడ్డ మీద గీయించి ఊరూరా తిప్పాయి. వాళ్ళను చూసి మిగతా కంపెనీలు నేర్చుకున్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక సమాజాల దాకా ఆ తెరల సంప్రదాయం సాగింది. ఆ తెరలంటే మాకు ప్రాణం. తప్పుపట్టడం లేదు. ఆ తెరను 'పరదా' అన్నా, ఆ సభను 'దర్బారు' అన్నా, ఆ అంచును 'జరీ' అన్నా మా ఇంటి మాటలే వినిపిస్తాయి. మా అడుగు ప్రశ్న ఒక్కటే: మా కమాను మీ కృష్ణుడికి ఇల్లయింది. మరి మేం మాత్రం ఆ రంగస్థలం మీద పరాయివాళ్ళం ఎట్లా అయ్యాం?

ఆ జరీ అంగరఖా ఎవరు కుట్టారు? మా స్నేహితుడి అబ్బా లాంటి దర్జీలు. రాముడికీ రావణుడికీ కొలతలు తీసుకుని కుట్టినవాళ్ళు. వాళ్ళ పేరు కరపత్రంలో ఉండదు. మా చేతులు రంగస్థలం మీద అంతటా ఉన్నాయి. మా ముఖం మాత్రం రేకుపెట్టెలో ఉంది.

జాతీయ స్థాయికి వస్తే ఈ చదువుకు ఒక రూపం ఇచ్చినవాడు ఇబ్రహీం అల్కాజీ. పుణెలో పుట్టిన అరబ్బు కుటుంబం బిడ్డ. 1962 నుంచి 1977 దాకా నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను నడిపాడు. 2020లో కన్నుమూశాడు. ఆయన భార్య రోషన్ అల్కాజీ ప్రాచీన భారతీయ దుస్తుల మీద పరిశోధన చేసి పుస్తకం రాసింది. అల్కాజీ 1963లో 'అంధాయుగ్' నాటకాన్ని ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల్లో ఆడించాడు. మహాభారత యుద్ధం చివరి రోజు కథ, తుగ్లక్ వంశపు సుల్తాను కట్టించిన గోడల మధ్య! తర్వాత గిరీశ్ కర్నాడ్ 'తుగ్లక్'ను పురానా ఖిల్లాలో ఆడించాడు. రాయి కూడా మాట్లాడుతుందని, చోటే సగం నాటకమని ఆయన్ని చూసి దేశం నేర్చుకుంది.

అయినా మాకొక వెలితి. తుగ్లక్ గొప్ప నాటకం, కానీ తుగ్లక్ సుల్తాను. మన రంగస్థలానికి ఇద్దరు ముస్లింలే బాగా తెలుసు. సింహాసనం మీద సుల్తాను, సందు చివర రౌడీ. మూడోవాడు ఉంటే హీరో కోసం ప్రాణమిచ్చే మంచి సాయిబు. చచ్చిపోతేనే వాడి మంచితనం రుజువవుతుంది. మధ్యలో కోట్లమంది ఉన్నారు. చెప్పులు కుట్టేవాళ్ళు, పంక్చర్లు వేసేవాళ్ళు, బీడీలు చుట్టే అమ్మీలు. వాళ్ళకు ఏ పెట్టే లేదు.

ఆ మధ్యవాళ్ళను నిలబెట్టినవాడు హబీబ్ తన్వీర్. 1954లో ఢిల్లీలో 'ఆగ్రా బజార్' ఆడించాడు. నటులు జామియా మిలియా వాళ్ళు, పక్కనే ఉన్న ఓఖ్లా ఊరివాళ్ళు. కథ నజీర్ అక్బరాబాదీ అనే కవిది. కానీ కవి రంగస్థలం మీదికి రాడు. వచ్చేది బజారు. దోసకాయలమ్మేవాడు, పతంగులమ్మేవాడు, లడ్డూలమ్మేవాడు. ఎవరు ముస్లిమో ఎవరు కాదో బట్టలు చూసి కాదు, బేరం విని కూడా చెప్పలేం. డిజైనంటే అది. మనిషి చేతిలో పనిముట్టు పెట్టు, వాడు ఎవరో వాడే చెబుతాడు.

అంత దూరం ఎందుకు? మన షేక్ నాజర్ లేడూ! గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన పింజారి బిడ్డ. ఆయన ఆత్మకథ పేరే 'పింజారి'. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయాడు. బుర్రకథకు సెట్టింగు లేదు, తెర లేదు. కథకుడి భుజాన తంబుర, వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు, రెండు పక్కలా గుమ్మెటల వంతలు. మూడు ఒళ్ళతో పలనాటి యుద్ధం మొత్తం నిలబెట్టాడు. ఖాళీ చోటు గురించి మాకు గోర్డన్ క్రెయిగ్‌ను చెప్పారు, ఆపియాను చెప్పారు. చెప్పాల్సిందే. మా రెండేళ్ళ చదువులో నాజర్ పేరు మాత్రం జానపద కళల పాఠంలో ఒక్క వాక్యంలో వచ్చి పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో సంగతి కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ విమర్శకు నిజాయితీ ఉండదు. నాటకం అనగానే 'తౌబా' అన్నవాళ్ళు మా ఇళ్ళలో ఉన్నారు. మా ముగ్గురిలో ఒక అమ్మాయి ఉంది. ఆమె కుట్టుపని నేర్చుకుంటోందని వాళ్ళమ్మీ చుట్టాలకు చెప్పేది. పీర్ల పండుగలో ఎంత రూపకల్పన ఉంది! వెండి పంజాలు, దట్టీలు, అలావా గుండం, అర్ధరాత్రి కాగడాలు, డప్పు. ఊరంతా, అన్ని కులాలూ కలిసి నడిచే నాటకం. దాన్ని 'గుమ్‌రాహీ' అని మావాళ్ళే వదిలించేస్తున్నారు. ఇంకా చెప్పాలంటే, మా చేతికి కుంచె వచ్చిన మొదటిసారి మేం గీసింది ఏమిటి? షేర్వాణీ, రూమీటోపీ, నవాబు దివాణం. మా ముగ్గురి తాతల్లో ఒక్క నవాబు లేడు. అవమానానికి జవాబు చెప్పబోయి అష్రాఫుల బట్టలు తొడుక్కున్నాం. అదీ ఇంకో రేకుపెట్టే.

ఆ తప్పు దిద్దుకుని చివరి ఏడాది ప్రాజెక్టు చేశాం. ఒక దూదేకుల ఇల్లు. పంతులుగారి ఇంటిని చూసి గీసిందే. మట్టిగోడ, గోడకు వేలాడే దూది ఏకే విల్లు, మూల పరుపుల గుడ్డ, గూట్లో బుడ్డి, దండెం మీద పంచె. ఇంట్లో మాట్లాడేది తెలుగే. గాలిలో దూదిపింజలు కనిపించాలని పక్కనుంచి పసుపు లైటు పెట్టాం. మోడల్ చుట్టూ తిరిగి చూసిన పరీక్షాధికారి పెద్దమనిషే, మంచివాడే, మెచ్చుకున్నాడు కూడా. తర్వాత అడిగాడు:

"అంతా బాగుందమ్మా. కానీ వీళ్ళు ముస్లింలని ఎక్కడ తెలుస్తోంది? ఒక చంద్రవంకో, మక్కా పటమో పెట్టాల్సింది."

మేం ఏమీ అనలేకపోయాం. 'స్పష్టత లేదు' అని రాసి మార్కులు తగ్గించారు.

ఇరవయ్యేళ్ళయింది. ఆ రోజు రాని జవాబు ఇప్పుడు చెబుతున్నాం. సార్, తెలియకపోతే ఏం? మీ నాటకంలో రైతు హిందువని తెలియడానికి మీరు అతని ఇంటి నిండా పటాలు పెట్టలేదు. అతను మనిషని మీకు ముందే తెలుసు. మాకు మాత్రం గుర్తింపుకార్డు ఎందుకు? 1992 తర్వాత రైల్లో, బస్సులో, అద్దె ఇంటి గుమ్మంలో రోజూ చూపిస్తూనే ఉన్నాం. నాటకంలో కూడా చూపించాలా?

రేపు ముస్లిం పాత్రకు బట్టలు గియ్యబోయే పిల్లలకు మా మాట ఒక్కటే. పెట్టె దగ్గరికి పోకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ ఊరు? ఏం పని చేస్తాడు? ఆ చొక్కా ఎవరు కొనిచ్చారు, ఎన్నిసార్లు ఉతికారు? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? జవాబుల్లో టోపీ వస్తే టోపీ పెట్టండి. బురఖా వస్తే అదీ పెట్టండి. మాకు వాటి మీద సిగ్గు లేదు. అవి మా తల మీద నుంచి రావాలి, మీ పెట్టెలోంచి కాదు.

చదువు ముగిసిన రోజు ఆ దుస్తుల గదికి మళ్ళీ వెళ్ళాం. చిన్న పెట్టె మీద రాతను తడిగుడ్డతో తుడిచాం. ఆయిల్ పెయింటు, పోలేదు. అప్పుడు మా స్నేహితురాలు బ్రష్షు తెచ్చి, ఆ పేరు పక్కన ఒక్క ప్రశ్నగుర్తు పెట్టింది.