తెడ్డు తెలిసిన చేతులు

నారాయణఖేడ్‌కు దక్షిణంగా మనూరు, రాయికోడ్ దాకా సింగూరు ప్రాజెక్టు వెనుక జలాలు పరుచుకుంటాయి. ప్రాజెక్టు నిండితే 29.9 టీఎంసీల నీళ్లు. వానాకాలంలో పడమటి గాలి ఎత్తుకుందంటే అది చెరువులా ఉండదు. అలలు వరసకట్టి వస్తాయి. చీకటితోనే వలలు తీయడానికి పోయేవాళ్లు ఆ గాలిని చూసి ఒడ్డున ఆగిపోతారు.

సరిగ్గా అలాంటి గాలి కోసం కాచుకునే పడవ సర్ఫ్‌స్కీ. పొడవు ఆరు మీటర్ల పైచిలుకు, వెడల్పు మూరెడు. మనిషి పడవ లోపల కాదు, పైన ఉన్న గుంటలో కూర్చుంటాడు. చేతుల్లో రెండు వైపులా రెక్కలున్న తెడ్డు, పాదాల కింద చుక్కాని తిప్పే పెడళ్లు. కొత్తవాళ్లు పడిపోవడం ఖాయం. అందుకే తెడ్డు వేయడం కన్నా ముందు, నడినీళ్లలో మళ్లీ పడవెక్కడం నేర్పుతారు.

ఇప్పుడది హవాయి, దక్షిణాఫ్రికా సముద్రాల్లో పందేలకు పేరుపడింది. మొదలైంది మాత్రం పనిముట్టుగా, అదీ ఒక సరస్సు మీద. 1912లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ మక్వారీ దగ్గర హ్యారీ, జాక్ మెక్‌లారెన్ అనే అన్నదమ్ములు ఇన్నెస్ సరస్సులో తమ ఇంటివాళ్ల ఆల్చిప్పల సాగు చూసుకోవడానికి దాని తొలి రూపాన్ని వాడుకున్నారు.

అంటే అదీ మన పుట్టిలాంటిదే.

కృష్ణ మీద తిరిగే వెదురు పుట్టికి ముందూ వెనకా లేవు. తెడ్డు పక్కన వేస్తే గిర్రున తిరుగుతుంది. ముందు వేసి తనవైపు లాక్కోవాలి. పుట్టి తిరగాలని చూస్తుంది, సర్ఫ్‌స్కీ ఒరగాలని చూస్తుంది. రెంటికీ జవాబు చెప్పాల్సింది నడుమే. థర్మకోల్ తెప్ప మీద కూర్చుని, ఒక చేత్తో వల లాగుతూ రెండో చేత్తో తెడ్డేసే మనిషికి ఆ విద్య కొత్త కాదు.

వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టులో ఇప్పటికే కాయక్ అనే తెడ్డు పడవలు తిరిగాయి. సింగూరుకూ అలాంటి రోజు వస్తే మంచిదే. హైదరాబాద్ తాగే నీళ్లివి. తెడ్డుతో నడిచే పడవ వాటిలో నూనె చుక్క వదలదు. ఆనకట్ట దిగువన మాత్రం 1978 నుంచి మొసళ్ల అభయారణ్యం ఉంది, ఆ వైపు ఆటల ఊసే వద్దు. ఆనకట్టకు పైన ఏ పాయలో మొద్దులున్నాయో, గాలి ఎక్కడ తిరుగుతుందో ముందుగా అడగాల్సింది ముదిరాజులను, బెస్తవాళ్లను. శిక్షకుల కొలువు కూడా వాళ్లకే దక్కాలి.

ఇంకొకటి. షికారుకొచ్చిన వాళ్లకు లైఫ్ జాకెట్ తొడిగి పంపుతాం. రోజూ తెప్ప మీద పోయేవాళ్లలో ఎంతోమంది ఒంటి మీద అది ఉండదు. సింగూరుకు పడవలు రాకముందే ఆ జాకెట్లు రావాలి.