ఉమ్మడి స్టోరేజ్: పంపకపు నేర్పు

పదుల సర్వర్లు ఒకే స్టోరేజ్ పెట్టెను నమ్ముకొని బ్రదుకుచున్న చోట, ఎవరి అభ్యర్థనను ముందుగా తీర్చవలెను, ఎవరిని రెప్పపాటు నిలుపవలెను అను తీర్పు సెకనుకు వేలసార్లు జరుగుచుండును. ఆ తీర్పు ఎవరికిని అన్యాయము కాకుండ నడిపించుట మహావిద్య. దాని ఆచార్యుల పేళ్ళు మన కంప్యూటరు విద్యార్థుల నోళ్ళలో నానకపోవుట నాకు తీరని కొరత.

నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కు ఒక్క చుట్టునకు 8.3 మిల్లీసెకన్లు తీసుకొనును. కోరిన చోటు చదువు తల క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు, అంతకుముందు చేయి జరుగుటకు మరికొంత కాలము, వెరసి చెల్లాచెదరుగా వచ్చు అభ్యర్థనలను సెకనుకు 80కి అటునిటుగా తీర్చుటయే గగనము. అట్టి డిస్కులు కొన్ని చేరిన పెట్టెమీద, ఖాతాల డేటాబేసు ఒక్కొక్క అభ్యర్థనను పంపి జవాబునకై వేచియుండగా, బ్యాకప్ సర్వరు ఒకేసారి 32 అభ్యర్థనలను వరుసలో త్రోయును. పెట్టెకు పక్షపాతము లేదు. వరుసలో ఎవరివి ఎక్కువ యున్నవో వారికే ఎక్కువ పనిచేయును. కాలువ తలవద్ద మోతుబరి తూము బార్లా తెరచినప్పుడు చివరి ఆయకట్టు రైతునకు పట్టు గతియే డేటాబేసునకును పట్టును.

ఈ విద్య తొలుత నెట్‌వర్కులవారిది. 1989లో డెమర్స్, కేశవ్, షెంకర్ అనువారు ప్యాకెట్లకు న్యాయమైన వరుసను చూపిరి; 1994లో వాల్డ్‌స్పర్గర్, వైల్ అనువారు ప్రాసెసరు కాలమును లాటరీ చీట్లతో పంచిరి. డిస్కులవారు ఆలస్యముగా మేలుకొనిరి గాని, మేలుకొన్నవారు సామాన్యులు కారు.

2009లో అజయ్ గులాటీ, ఇర్ఫాన్ అహ్మద్, కార్ల్ వాల్డ్‌స్పర్గర్ ప్రకటించిన పార్డా అను పద్ధతిని చూడుడు. పెట్టె ఇంకొక కంపెనీది, దాని లోపల చేయి పెట్టుటకు వీలులేదు. సర్వర్లు వేర్వేరు యంత్రములు, వానిపై పెద్దరికము చేయు మధ్యవర్తి లేడు. అయినను, ప్రతి సర్వరును తన అభ్యర్థనలకు ఎంతసేపు పట్టుచున్నదో తానే కొలుచుకొని, ఆ జాప్యము హద్దు దాటినచో తన వరుస పొడవును తగ్గించుకొనుచు, హద్దులోపల నున్నచో తన వాటాను బట్టి పెంచుకొనుచు పోయిన యెడల, అన్నియు తమతమ వాటాల నిష్పత్తికి తామే వచ్చి చేరునని వారు నిరూపించిరి. బయట నిలిచి, లేటెన్సీ ఒక్కటే ఆనవాలుగా, లోపలి రద్దీని గ్రహించుట! మరుసటి యేడే ఈ పద్ధతి వీస్ఫియర్ 4.1 సాఫ్ట్‌వేరులో స్టోరేజ్ ఐ/ఓ కంట్రోల్ అను పేరున, 30 మిల్లీసెకన్ల హద్దుతో, జనులచేతికి వచ్చినది.

అంతకంటె నన్ను ముగ్ధుని చేసినది 2010లో గులాటీ, ఆరిఫ్ మర్చంట్, పీటర్ వర్మన్ కూర్చిన ఎంక్లాక్. ఇందు ప్రతి సర్వరునకు కనీస హామీ, గరిష్ఠ హద్దు, మిగులులో వాటా అని మూడు సంఖ్యలు. పెట్టె శక్తి సెకనుకు 1200 అభ్యర్థనలు, వాటాలు డేటాబేసునకు 4, మెయిలునకు 1, బ్యాకప్పునకు 1 అనుకొందము. వట్టి వాటాలతో మెయిలునకు 200 మాత్రమే దక్కును. దానికి 300 హామీ యున్నచో అది ముందుగా చెల్లి, మిగిలిన 900లో డేటాబేసునకు 720, బ్యాకప్పునకు 180 వచ్చును. పెట్టె శక్తి 600కు పడిపోయినను మెయిలు 300 చెక్కుచెదరదు. హామీ 300 అనగా అభ్యర్థనల గడువు ముద్రలు 3.33 మిల్లీసెకన్ల ఎడముతో పడును. గడువు వచ్చిన అభ్యర్థన ఒక్కటి యున్నను వాటాల ప్రసక్తి లేదు, దానిదే ముందు. మిగులులో దక్కిన పనిని హామీ ఖాతాలో వ్రాయకుండుటయు, కొంతసేపు నిద్రపోయి లేచిన సర్వరు పాత బకాయి అడుగకుండ చేయుటయు ఆ కూర్పులోని సూక్ష్మములు. వానిని చదివిన ప్రతిసారియు చేతులు జోడింపబుద్ధియగును. సెఫ్ అను స్టోరేజ్ సాఫ్ట్‌వేరువారు దీనిని గ్రహించి 2022నాటి క్విన్సీ కూర్పులో ముందువరుసన నిలిపిరి. వారికి నా నమస్కారములు.

ఇట్టి విద్య యుండగా అంగట అమ్ముచున్నదేమి? వాల్యూమునకొక గరిష్ఠ హద్దు తగిలించి, దానికే క్యూఓఎస్ (సేవా నాణ్యత) అను బిరుదము! రాత్రి డేటాబేసు నిద్రించి డిస్కులు ఖాళీగా తిరుగుచున్నను బ్యాకప్ ఆ హద్దువద్దనే కట్టుపడియుండును. పగలు హద్దుల మొత్తము పెట్టె శక్తిని మించినంతనే ఎవరికిని దేనికిని పూచీ లేదు. సాలిడ్‌ఫైర్ వంటివారు కనిష్ఠమును కూడ ఇచ్చిరని ఒప్పుకొందును. తక్కినవారిలో పెక్కురు ఆ ప్రస్తావనకే మాట మార్తురు. ఫ్లాష్ వచ్చిన పిమ్మట ప్రాధాన్యములేల యని ఒక అమ్మకందారు నాతో నవ్వుచు పలికెను. ఫ్లాష్ లోపల చెత్త యేరివేత మొదలైనప్పుడు వ్రాతలు ఆగుట అతడెన్నడును చూడలేదు కాబోలు. నేను ఎంక్లాక్ పక్షపు వాడను, దాచుకొనను. హామీ లేని పంపకమును పంపకమని నాచేత ఎవరును అనిపింపలేరు.

కొనుగోలు చేయు అధికారులకు నా మనవి యొక్కటే. కరపత్రములలోని లక్షల ఐఓపీఎస్‌లను పక్కనుంచి, జెన్స్ ఆక్స్‌బో వ్రాసిన ఫియో అను కొలత సాధనమును రెండు సర్వర్లనుండి నడిపించుడు: ఒకదానికి వరుస లోతు 1, రెండవదానికి 64. రెండవది మొదలైన పిమ్మట మొదటిదాని 99వ పర్సెంటైల్ లేటెన్సీ ఎంత పెరిగెనో కాగితముమీద వ్రాయించుకొనుడు. ఒక డిస్కును ఊడబెరికి, రీబిల్డు నడుచుచుండగా మరల కొలిపించి, ఆ రెండంకెలును టెండరు హద్దులో నున్నచో అప్పుడు సంతకము చేయుడు.