దూరపు కొండ, దగ్గరి గుట్ట

దూరపు కొండలు నునుపంటారు. సెలవురోజు కొండెక్కే తెలుగువాళ్ల విషయంలో ఈ సామెత తలకిందులైంది. దుబాయి ఉద్యోగులు వెళ్లే హట్టా దగ్గర హజర్ పర్వతాలది పదునుగా విరిగి రాలే రాయి. సైబరాబాద్ ఉద్యోగుల ఇంటి పక్కనున్న ఖాజాగూడ గుట్టే నున్నన.

తేడా రాతి పుట్టుకలోనే ఉంది. ఖాజాగూడది సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్. భూమి లోపల గట్టిపడి, పైపొరలు కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్లలో నీరు చేరి అంచులు అరగ్గా గుండ్లయింది. ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్నా చాలావరకు ఉన్నచోటే అరిగినవి. హట్టా కొండలు ఒకప్పటి సముద్రపు అడుగు. దాదాపు తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల కిందట అరేబియా అంచు మీదికి ఎక్కడం మొదలుపెట్టాయి. పాదానికి ఇదంతా చప్పున తెలుస్తుంది. ఎండిన పరుపుబండ మీద బూటు పట్టు వదలదు, బౌల్డరింగ్ కుర్రాళ్ల సరదా అంతా ఆ పట్టు మీదే. హజర్ వాలులో అడుగేస్తే కంకరా మనతోపాటు దిగుతుంది.

హట్టా దుబాయి నుంచి సుమారు 130 కి.మీ. చలికాలం చూసుకుని, కారు ఏర్పాటు చేసుకుని, నీళ్లు మోసుకుని వెళ్లాలి. ఆ కొండకు రోజంతా ఇవ్వక తప్పదు. ఖాజాగూడ ఎక్కి ఆఫీసు కాల్ వేళకు దిగిపోవచ్చు. పైనుంచి కనిపించేవీ ఆఫీసు అద్దాలే! పని మరచిపోవడమే సెలవైతే హట్టాదే పైచేయి.

కాకపోతే ఆ సెలవు అందరిదీ కాదు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి వెళ్లిన కూలీకి వారానికో రోజు దొరికితే బట్టలకూ నిద్రకూ ఇంటికి ఫోనుకూ చాలదు. హట్టాలో నడకకూ సైకిలుకూ గుర్తులు పెట్టిన దారులు చక్కగా ఉన్నాయి, కానీ అవి విహారం కోసమే వేసినవి. ఖాజాగూడలో ట్రాక్ ప్యాంటు వేసుకున్నవాళ్ల పక్క నుంచే పూలచాదర్‌తో ఓ కుటుంబం ఫక్రుద్దీన్ ఔలియా దర్గాకు ఎక్కుతుంది. 1347లో బహమనీ రాజ్యాన్ని స్థాపించిన హసన్‌కు ఆయన గురువని చెబుతారు. గుహలో అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. ఎవరు ఏ పనిమీద ఎక్కినా బాట ఒకటే. ఈ కలగలుపు ముందు హట్టా నాకు కొంచెం వెలితిగానే తోస్తుంది.

అదే గుట్ట మీది ఓ గుహలో 1951లో మెహెర్ బాబా ఏకాంతంగా ఉన్నారు. ఏకాంతం వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారంటే హైదరాబాద్ నగరం అప్పుడెంత దూరమో ఊహించుకోవచ్చు. ఆ దూరమే అప్పట్లో రాళ్లకు కాపలా. ఇప్పుడు టవర్లు గుట్ట దాకా వచ్చేశాయి. ఎక్కేవాళ్లు వదిలే ప్లాస్టిక్, బండలపై పెయింటుతో రాసే పేర్లు సరేసరి, ఏరేయొచ్చు, తుడిచేయొచ్చు. పగలగొట్టిన గుండును మాత్రం ఎవరూ తిరిగి నిలబెట్టలేరు. ఇలాంటి రాళ్ల కోసమే 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పుట్టింది.

రాళ్లను కాపాడేందుకు ఇక్కడ గేటూ టికెట్టూ పెడదామనే వాళ్లున్నారు. పెడితే రాయి మిగలొచ్చు, పూలచాదర్ తెచ్చే కుటుంబం మాత్రం కౌంటరు దగ్గర ఆగాలి. జేసీబీలకు హద్దు గీసి, కాలిబాటల జోలికి పోకుండా ఉంటే చాలు.